పుట్టమన్నుకు బదులు చందనము

శ్రీమన్నారాయణునికి ఇరుప్రక్కల శ్రీదేవియు భూదేవియు వేంచేసియుండుట వైష్ణవాలయములందు అందరు దర్శించునదే. శ్రీదేవిని ఆరాధించుటలో ఏ గృహస్థుడును కొరత చేయడు. శుక్రవారపు పూజ, వరలక్ష్మీవ్రతము, దీపావళినాటి లక్ష్మీపూజ ఇంటింట జరుగుచునే యున్నవి. రెండవ దేవేరియగు భూదేవి సంగతి యేమి? ఉదయమున శయ్యనుండి లేచి నేలపై పాదము మోపుటకు ముందు ఆమెను క్షమింపుమని వేడుకొనుట పెద్దలు నేర్పిన ఆచారము. ఆ ఆచారమున ఒక గొప్ప సత్యము ఇమిడియున్నది. మానవుడు ఆమెను త్రొక్కక బ్రతుకజాలడు. త్రొక్కినందులకు ఆమెకు ఋణపడకయు ఉండజాలడు.

ఈ ఋణమును తీర్చు మార్గమేమి? అడవిని నరికి ఇల్లు కట్టుకొనువాడు, కొండను త్రవ్వి బాట వేయువాడు, వాగునీటిని మళ్ళించి ఊరికి అందించువాడు పాపము చేయుచున్నారా? చేయుచున్నారన్నచో లోకయాత్ర సాగుట యెట్లు? పాపమే లేదన్నచో ఆ తీసుకొనుటకు హద్దెక్కడ? ఈ ధర్మసందేహము నేటి కాలమున పట్టణవాసులందరికిని ఎదురగుచున్నది. దీనికి సమాధానము వెదకుటకు దూరము పోనక్కరలేదు. విశాఖపట్టణపు అంచున సింహగిరిపై ఏటేట జరుగు ఒక సేవయందు అది స్పష్టముగా గోచరించుచున్నది.

సింహగిరిపై జరుగు లెక్క

సింహాచలమున వేంచేసియున్న శ్రీ వరాహలక్ష్మీనృసింహస్వామి వరాహావతారమును నృసింహావతారమును ఒక్క మూర్తియందు ప్రకటించిన దైవము. ఆలయమున 1098 సంవత్సరపు కుళోత్తుంగ చోళుని నాటి శాసనము కలదు. శ్రీకృష్ణదేవరాయల సందర్శనమును తెలుపు 1516, 1519 సంవత్సరముల శాసనములును కలవు. తొమ్మిది శతాబ్దములకు పైగా చరిత్రకెక్కిన ఈ క్షేత్రమునకు స్థలపురాణము చెప్పు ప్రాచీనత ఇంకను మిక్కిలి.

మొదట ప్రహ్లాదుడు స్వామిని ఇచట అర్చించెను. యుగము మారినది, ఆలయము శిథిలమైనది, మూర్తిపై పుట్ట పెరిగి స్వామి మన్నులో మరుగుపడెను. చిరకాలమునకు పిదప పురూరవ చక్రవర్తి ఊర్వశీసమేతుడై ఆకాశమార్గమున పోవుచు ఈ గిరియొద్ద నిలిచి, దైవప్రేరణచే పుట్టను గుర్తించి, మన్నును తొలగించి స్వామిని దర్శించెను. అంతట అశరీరవాణి వినిపించినది. తొలగించిన మన్నుకు సమానముగా చందనమును సమర్పించి స్వామిని కప్పవలెననియు, ఏడాదికి ఒక్క వైశాఖ శుద్ధ తదియనాడు మాత్రమే నిజరూపమును దర్శింపవలెననియు ఆజ్ఞయైనది.

నేటికిని ఆ ఆజ్ఞయే నడచుచున్నది. అక్షయతృతీయనాడు చందనమును ఒలిచి నిజరూపదర్శనము కలిగించి, ఆ రాత్రియే మూడు మణుగుల చందనమును సమర్పింతురు. పిదప వైశాఖ పూర్ణిమకు మూడు, జ్యేష్ఠ పూర్ణిమకు మూడు, ఆషాఢ పూర్ణిమకు మూడు. వెరసి పండ్రెండు మణుగులు. లక్షలాది జనులు ఈ ఉత్సవమును దర్శించి ధన్యులగుచున్నారు. కాని ఇందులోని ధర్మసూక్ష్మమును తలచువారు కొందరే. పురూరవుడు చేసినది పాపకార్యము కాదు. భక్తితో స్వామిని వెలికితీసినాడు. అయినను, తీసిన మన్నుకు లెక్క చెప్పవలసివచ్చినది. చక్రవర్తి యగుటవలన గాని, భక్తుడగుటవలన గాని ఆ లెక్కనుండి అతనికి మినహాయింపు దొరకలేదు.

ఈ సేవయందు మూడు నియమములు కనబడును. మొదటిది, ఎంత తీసిరో అంత ఇయ్యవలెను. రెండవది, ఎక్కడ తీసిరో అక్కడనే ఇయ్యవలెను; పుట్టమన్ను తొలగిన స్వామి అంగములపైననే చందనము పూయబడుచున్నది గాని వేరొకచోట కాదు. మూడవది, ఒక్కసారి ఇచ్చి చేతులు దులుపుకొనుటకు వీలులేదు. ఏటేట, విడత విడతగా ఇచ్చుచుండవలెను. భూమియెడ మానవుని ఋణము కూడ సరిగా ఇట్టిదే.

గిరి ధరించిన చందనము

స్వామి మూర్తికి చందనమెట్లో స్వామి గిరికి అడవి అట్లు. సింహగిరికి ఈశాన్యముగా దాపుననే కంబాలకొండ కలదు. పూర్వము విజయనగర మహారాజుల అధీనమున నుండిన ఈ అడవి 1970లో అటవీశాఖ చేతికి వచ్చినది. 2002లో అభయారణ్యముగా ప్రకటింపబడినది. దీని విస్తీర్ణము సుమారు 71 చదరపు కిలోమీటర్లు. తూర్పుకనుమల శ్రేణిలో, సముద్రఘోష వినబడునంత దగ్గరలో, లక్షల జనాభాగల మహానగరమును ఆనుకొని చిరుతపులి, కణితి, చుక్కల దుప్పి, అడవిపంది, అలుగు, నెమలి మొదలగు ప్రాణులు ఇచట నివసించుచున్నవి. అడవి నడుమ శంభువానిపాలెం వంటి పల్లెలును కలవు. ఇట్టి భాగ్యము బహు కొద్ది నగరములకు మాత్రమే లభించినది.

ఈ కొండల శిలను భూగర్భశాస్త్రజ్ఞులు ఖోండలైట్ అందురు. అది ఎండకు వానకు తొందరగా చివికి ఎర్రమన్నగును. ఆ మన్నును చెట్ల వేళ్ళు పట్టియుంచును. రాలిన ఆకులు వాన దెబ్బను తాము సహించి, నీటిని మెల్లగా నేలలోనికి దింపును. ఆ నీరే రాతి పగుళ్ళలో దాగి, వానలు వెనుకబట్టిన పిదప ఊటయై వెలువడును. సింహగిరిపై గంగధారలో స్నానమాడు యాత్రికులు, కొండకు ఆవలి ప్రక్క మాధవధారను సేవించువారు, ఆ చల్లని నీరు ఎక్కడనుండి వచ్చుచున్నదని ఒక్క క్షణము తలపోసిన చాలును. అది గడచిన వానకాలపు నీరు; ఆ నీటిని దాచి భక్తునికి అందించినది అడవి. కొండల నడుమ ముడసర్లోవ జలాశయము శతాబ్దమునకు పైగా నగరమునకు త్రాగునీటి నొసగినది. ఆ జలాశయమునకు ఆధారము చుట్టునున్న కొండలపై కురిసిన వానయే.

చెట్టు పోయిన కొండ సంగతి వేరు. వాన కురిసిన గడియలోనే నీరంతయు ఎర్రనై, మన్నును మోసికొని పల్లమునకు పరుగిడును. ఆనాడు దిగువ వీథులలో వరద; వేసవి రాగానే అవే వీథులలో బిందెలు పట్టుకొని నీటి కొరకు నిరీక్షణ. చందనము ఒలిచిన స్వామిని సంవత్సరమున ఒక్కదినము మాత్రమే చూడవలెనని నియమము. అడవి ఒలిచిన గిరిని ఏడాది పొడవున చూచుచు ఊరకుండుట ఏ నియమము?

నగరపు ప్రశ్న

ఇచట ఒక న్యాయమైన ఆక్షేపణ కలదు. విశాఖపట్టణము ఊరక పెరుగలేదు. 1933లో ఓడరేవు ప్రారంభమైనది. 1966లో విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు అను నినాదముతో తెలుగునాడంతయు కదలినది. 1971లో ఉక్కు కర్మాగారమునకు శంకుస్థాపన జరిగినది. 1992లో అది జాతికి అంకితమైనది. పల్లెలకు పల్లెలు తమ భూములనిచ్చి ఈ కర్మాగారమునకు తావు కల్పించినవి. ఎన్నియో వేల ఇండ్లలో పొయ్యి వెలిగినది, పిల్లలు చదువుకొనిరి. రేవు లేక, ఉక్కు లేక, బాటలు లేక ఈ జనులు బ్రతుకుట యెట్లు? కొండలను చెట్లను తలచి మనుష్యుని మరచుట ధర్మమా?

మనుష్యుని మరచుట ధర్మము కాదు. ఆకలిగొన్నవానికి అన్నమే ముందు. సింహగిరి సేవ చెప్పుచున్నదియు తీయవద్దని కాదు. పుట్టను తొలగింపనిచో స్వామిదర్శనమే లోకమునకు లేకపోయెడిది. తీసుకొనుట మానవధర్మములోనిదే, తిరిగి ఇయ్యకపోవుటయే దోషము. గీతయందు మూడవ అధ్యాయమున భగవానుడు, దేవతలనుండి పొందిన భోగములను వారికి మరల సమర్పింపక తానే అనుభవించువానిని చోరునిగా నిరూపించెను. అచట నిందింపబడినది అనుభవము కాదు, ఋణమును మరచుట.

ఋణము కూడ అందరికిని ఒకే కొలతగా ఉండదు. పొయ్యిలోనికి ఎండుపుల్లలు ఏరుకొని కట్టెలమోపు నెత్తిన పెట్టుకొని కొండ దిగు పేదరాలి బాకీ మోపెడు మాత్రమే. కొండ ప్రక్కను తొలిచి కంకరగా అమ్ముకొనువాని బాకీ కొండంత. లోకమున తరచుగా మొదటివారిని అదలించి రెండవవారికి నమస్కరించుట జరుగుచున్నది. స్వామి తులయందు ఇట్టి తారుమారు లేదు. ఉక్కునగరము వారు కర్మాగారము చుట్టును వనములు పెంచిరి. అది తీసినచోటనే తిరిగి ఇచ్చుటకు ఒక ఉదాహరణము. ఇనుము కరగించు కొలిమికి కూడ చెట్టునీడ అవసరమని తోచినప్పుడు, ఇల్లు కట్టుకొను గృహస్థునికి అది తోపకుండునా?

ఇక రెండవ నియమమును గూర్చి మరికొంత విచారింపవలసియున్నది. పాత అడవిని నరికి, బదులుగా వేరొకచోట మొక్కలు నాటితిమని తృప్తిపడుట నేటి పద్ధతి. మొక్కలు నాటుట మంచిదే. కాని ఇచటి ఊటకు అచటి మొక్క నీరు పోయదు. ఇచట గూడు చెదరిన పక్షికి ఎన్నడో పెరుగు చెట్టు ఆశ్రయము కాదు. నూరేండ్ల మద్దిచెట్టుకు మూరెడు మొక్క సాటిరాదు. మన్నుకు బదులు చందనము చాలునని నిర్ణయించినది పురూరవుడు కాదు, స్వామియే. తీసినవాడే బదులును తనకు అనుకూలముగా నిర్ణయించుకొన్నచో అది ఋణవిమోచనము కాదు, లెక్కల మాయ. బదులు దొరకని వస్తువులును కలవు. ఎండిన ఊటను, అంతరించిన ప్రాణిజాతిని ఏ చందనముతోను పూరింపజాలరు. అట్టివాని విషయమున తీయకుండుటయే ఏకైక మార్గము. అభయారణ్యమునకు హద్దు గీయుటలోని అంతరార్థమిదియే.

వరాహమూర్తి బోధ

సింహగిరిపై స్వామి వరాహరూపమును ధరించుటలోను ఇదే బోధ కలదు. హిరణ్యమనగా బంగారము, అక్షమనగా కన్ను. భూమిని చూచినంతనే బంగారముగా కనబడు కన్నులు కలవాడు హిరణ్యాక్షుడని భావించిన, ఆ రాక్షసుడు పురాణములలోనే ఆగిపోలేదని తెలియును. అతడు భూమిని తన సొత్తనుకొని రసాతలమునకు కొనిపోయెను. స్వామి ఆమెను దంష్ట్రపై నిలిపి పైకెత్తి, జీవులందరు నివసించుటకు యథాస్థానమున నిలిపెను. ఒకే భూమి, ఒకనికి అది సొత్తు, వేరొకనికి సంరక్ష్యము. వరాహస్వామికి నమస్కరించి, కొండను హిరణ్యాక్షుని కన్నులతో చూచువాడు ఎవరి భక్తుడో తానే నిర్ణయించుకొనవలెను.

తిరుమల సంగతి ఇంకను ఆశ్చర్యకరమైనది. వేంకటాచలము ఆదివరాహక్షేత్రము. శ్రీనివాసుడు అచట నివసింపగోరి వరాహస్వామిని స్థలము యాచించెను. అందులకు ప్రతిగా తొలిదర్శనము, తొలినైవేద్యము వరాహస్వామికే జరుగునట్లు ఒప్పందము చేసికొనెను. నేటికిని పుష్కరిణి గట్టున ముందు వరాహస్వామిని సేవించి పిదప ఆనందనిలయమునకు పోవుట సంప్రదాయము. అఖిలాండకోటి బ్రహ్మాండనాయకుడే కొండపై నిలుచుటకు అనుమతి వేడెను, దానికి ప్రతిఫలమును నిత్యము చెల్లించుచున్నాడు. అట్టిచోట ఒక్క పూట ఉండిపోవు యాత్రికుడు కొండ తనదనుకొని, త్రాగిన సీసాను పొదలలో విసరుట ఎంత సాహసము! ఆ శేషాచలపు అడవులు 1989లో శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానవనమైనవి. 2010లో జీవావరణ మండలముగాను గుర్తింపబడినవి. తిరుమలపై 2022 నుండి ప్లాస్టిక్ నిషేధము పూర్తిగా అమలులోనికి వచ్చినది. ఇది కేవలము పాలనాపరమైన ఏర్పాటుగా తోచవచ్చును. వరాహస్వామికి స్వామి చెల్లించు ప్రతిఫలమున యాత్రికుడు చెల్లించు చిన్న భాగముగా దీనిని గ్రహించుట ఉచితము.

చేరరాజగు కులశేఖరాళ్వారు కోరిన కోరికలు వైష్ణవులకు సుపరిచితములు. రాజ్యమును, స్వర్గమును ఆయన వలదనెను. వేంకటాద్రిపై పుష్కరిణిలో కొంగనైనను, చేపనైనను కావలెననెను. సంపెంగచెట్టునైనను, కొండపై ఎందులకును కొరగాని పొదనైనను, అడవివాగునైనను, కొండబాటనైనను కావలెననెను. కడకు స్వామివాకిట గడపయై పడియుండగోరెను. నేటికిని ఆ గడపను కులశేఖరపడి యని పిలుచుచున్నారు. గడపకు సాష్టాంగపడు భక్తులు ఆళ్వారు అదే నోట కోరిన చెట్టును, పొదను, వాగును మరువదగునా? సింహాచలము సంపెంగలకు ప్రసిద్ధి. స్వామి కొండపై నిలిచిన సంపెంగచెట్టు ఆళ్వారుల హృదయమున కైంకర్యపరుడగు భాగవతుడు. భాగవతాపచారము భగవదపచారముకన్న ఘోరమని సంప్రదాయము బోధించుచున్నది. ఈ రెండు మాటలను కలిపి చదివిన, గిరిపై గొడ్డలి ఎత్తు చేయి తానే వణకును.

భక్తుని వంతు

అడవిని కాపాడుట ప్రభుత్వపు పని, భక్తునికి పూజ చాలునని కొందరందురు. శాసనము హద్దురాయిని నాటగలదు, కాపరిని నిలుపగలదు. ఎవరును చూడనిచోట చేయిని ఆపగలది ధర్మబుద్ధి మాత్రమే. స్తంభమున కూడ స్వామి కలడని ప్రహ్లాదుడు నమ్మెను. ఆ నమ్మకమును నిలుపుటకే స్వామి నృసింహుడై వెలువడెను. స్తంభమున ఉన్నవాడు చెట్టుబోదెలో లేకుండునా?

స్వామికి పూయు చందనమును గూర్చి కూడ ఒక విషయము తెలియదగినది. చందనవృక్షము ఒంటరిగా వృద్ధిపొందజాలదు. దాని వేళ్ళు ప్రక్కనున్న ఇతర వృక్షముల వేళ్ళను పట్టుకొని వానినుండి కొంత ఆహారమును గ్రహించును. గంధముగల చేవ కట్టుటకు దశాబ్దములు పట్టును. విచ్చలవిడిగా నరుకుటచే ఈ వృక్షము అడవులలో అరుదగుచున్నది. స్వామి మేనిపై పరిమళించు ప్రతి చందనపు తునకవెనుకను పేరులేని పలు చెట్ల త్యాగము కలదన్నమాట. అడవి లేనిదే ఆ సేవయే లేదు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖతీరమును తాకినది. కొండలపైన, వీథులలోన మహావృక్షములు వేళ్ళతో పెకలి నేలకొరిగినవి. పచ్చని కొండలు ఒక్క దినమున మోడులై నిలిచినవి. మరుసటి వేసవికి ముందే నగరవాసులకు చెట్టునీడ విలువ తెలిసినది. వానలు పడిన పిదప మిగిలిన మోడులనుండి చిగురులు వచ్చినవి. పక్షులు గింజలు తెచ్చినవి. భూదేవి తనకు తగిలిన గాయమును తానే మాన్పుకొనగలది. గాయము మానకముందే మరల మరల కొట్టు చేతిని ఆపుట మాత్రము మానవుని వంతు.

ఆషాఢ శుద్ధ చతుర్దశినాడు సింహగిరి ప్రదక్షిణము జరుగును. లక్షలాది భక్తులు తొలిపావంచాయొద్ద కొబ్బరికాయ కొట్టి, అడవివరము, ముడసర్లోవ, హనుమంతవాక, జోడుగుళ్ళపాలెము, ఇసుకతోట, మాధవధార, గోపాలపట్నముల మీదుగా సుమారు 32 కిలోమీటర్లు కాలినడకను తిరిగి స్వామిని చేరుదురు. ఆ మార్గమున కొంతదూరము అడవి అంచు, కొంతదూరము సముద్రము, మిగిలినదంతయు నగరము. గిరికి ప్రదక్షిణము చేయుటయనగా గిరిని నలుదెసలనుండి చూచుట. ఏ ప్రక్క పచ్చగా నున్నది, ఏ ప్రక్క తెగిపోయినది, ఏ వాగు పారుచున్నది, ఏది మురుగైనది కన్నులు తెరచి చూచినవానికి తెలియకపోదు. మరునాడే ఆషాఢ పూర్ణిమ. స్వామికి కడపటి మూడు మణుగుల చందనము సమర్పించు దినము.

ఆ దినమున ఇంటింటివారు తమ చందనమును కూడ సమర్పింపవచ్చును. అది వానకాలము, మొక్క బ్రతుకు కాలము. రావి, వేప, నేరేడు, మద్ది, సంపెంగ వంటి ఈ నేల చెట్లలో ఒకదానిని తమ ఇంటియొద్దనో వీథియందో నాటి, మరుసటి ఆషాఢము వచ్చువరకు నీరు పోసి కాపాడుట గొప్ప కైంకర్యము. నాటుట ఒక్క పూట పని, కాపాడుటయే వ్రతము. ప్రదక్షిణమార్గమున నీరు, ప్రసాదము పంచు పుణ్యాత్ములు ఆకుదొప్పలు వాడి, మిగిలినదానిని తామే ఏరి తీసికొనిపోయినచో ఆ దానము సంపూర్ణమగును. వేసవిలో కొండపై నిప్పు రాజేయకుండుట, అడవిప్రాణులకు తినుబండారములు విసరి వాని స్వభావమును చెరుపకుండుట, చిరుత కనబడినదని విన్నప్పుడు గుంపుగూడి తరుమక అటవీశాఖవారికి తెలుపుట కూడ స్వామిసేవలోనివే. ఆ చిరుత ఊరిలోనికి వచ్చినదని జనులందురు. ఊరే దాని ఇంటి గుమ్మమువరకు పోయినదన్న సంగతి కూడ జ్ఞాపకముంచుకొనుట న్యాయము.

చక్రవర్తియగు పురూరవుడు పుట్టమన్నుకు లెక్క చెప్పినాడు. సాక్షాత్తు శ్రీనివాసుడు కొండపై తావునకు ప్రతిఫలము చెల్లించుచున్నాడు. వారికి లేని మినహాయింపును సామాన్యుడు కోరుట తగదు. భూమినుండి గ్రహించిన ప్రతి వస్తువును ఋణముగా తలచి, గ్రహించినంత, గ్రహించినచోట, ఏటేట తిరిగి సమర్పించు బుద్ధిని శ్రీ వరాహలక్ష్మీనృసింహస్వామి భక్తులందరికిని ప్రసాదించుగాక! ఆయన గిరి నిత్యము పచ్చని చందనముతో ఒప్పుగాక!